దోమ కడుపులో దొరికిన పాఠం

మలేరియాకు ముగ్గురు కావాలి: ప్లాస్మోడియం అనే ఏకకణ పరాన్నజీవి, ఆడ అనాఫిలిస్ దోమ, మనిషి. సైన్సు గ్రూపు తీసుకోని విద్యార్థికి కణం, జీవిత చక్రం, పరిణామం గురించి చెప్పాలంటే ఈ ముగ్గురి వ్యవహారం చాలు. సికింద్రాబాద్ శివారు కౌకూర్ వాసులకైతే ఈ కథ ఇరుగుపొరుగుదే. ఇటు బేగంపేటలో రోగం గుట్టు బయటపడింది, అటు శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీలో టీకా పని నడుస్తోంది.

మలేరియా రోగి రక్తంలో పరాన్నజీవిని 1880లో అల్జీరియాలో చూసినవాడు ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్. అది ఒంట్లోకి ఎలా చేరుతుందో తేలలేదు. దోమలు చచ్చి పడిన నీళ్లు తాగితే వస్తుందని కూడా అనుకున్నారు. సికింద్రాబాద్‌లో సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ ఎన్నో దోమలను కోసి చూశాడు. అవి వేరే రకం దోమలు కావడంతో ఏమీ కనబడలేదు. చివరికి మచ్చల రెక్కల దోమలు దొరికాయి. హుస్సేన్ ఖాన్ అనే రోగిని వాటిచేత కుట్టించి, దోమకు అణా చొప్పున ముట్టజెప్పాడు. 1897 ఆగస్టు 20న ఒక దోమ కడుపు గోడలో గుండ్రటి కణాలు, వాటిలో నల్లటి రేణువులు కనిపించాయి. హిమోగ్లోబిన్‌ను తిన్న ప్లాస్మోడియం మిగిల్చే రంగు అది. రోగి రక్తంలోనూ అదే ఉంటుంది, అంటే పరాన్నజీవి దోమలో బతుకుతోందన్నమాట. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. హుస్సేన్ ఖాన్‌కు అణాలే మిగిలాయి.

దోమ కుట్టినప్పుడు లాలాజలంతో దిగిన పరాన్నజీవి ముందుగా కాలేయానికి చేరి, అక్కడ వేలల్లో పెరిగి, ఆ తర్వాత ఎర్ర రక్తకణాల్లో దూరుతుంది. చోటు ఎంచుకోవడంలో దాన్ని మెచ్చుకోవాల్సిందే. ఎదిగిన ఎర్రకణానికి కేంద్రకం ఉండదు. లోపల చొరబాటు జరిగిందని రక్షక కణాలకు తెలియజేసే ఏర్పాటూ ఉండదు. కణాలు ఒక్కసారిగా పగిలినప్పుడే వణుకు, జ్వరం. ప్లాస్మోడియంలో వైవాక్స్ అనే రకంతో ఈ జ్వరం రోజు విడిచి రోజు వస్తుంది. ఆ రకం పరాన్నజీవుల్లో కొన్ని కాలేయంలోనే నిద్రపోయి నెలల తర్వాత లేస్తాయి. జ్వరం తగ్గినా మాత్రల కోర్సు పూర్తి చేయమని డాక్టర్లు పట్టుబట్టేది అందుకే.

మలేరియా మనిషి జన్యువుల మీదా ముద్ర వేసింది. సికిల్ సెల్ జన్యువు తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తే ప్రాణాంతక రక్తహీనత. ఒక్కరి నుంచే వస్తే తీవ్ర మలేరియా నుంచి రక్షణ. ఆదిలాబాద్ గోండుల్లో ఈ జన్యువు కనిపిస్తుంది. మలేరియా ఉన్నచోట బతికి బట్టకట్టినవారు దాన్ని పిల్లలకు అందించారు. ప్రకృతి వరణానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

ఇక టీకా సంగతి. 2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆఫ్రికా పిల్లలకు సిఫారసు చేసిన తొలి మలేరియా టీకా తయారీ పరిజ్ఞానాన్ని జీఎస్‌కే సంస్థ జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్‌కు బదిలీ చేయడానికి ఒప్పుకుంది. కాలేయానికి చేరకముందే పరాన్నజీవిని పట్టుకోవడం ఈ టీకా పని. ఇది ప్లాస్మోడియంలో ఫాల్సిపారమ్ అనే రకానికే, వైవాక్స్‌పై పనిచేయదు.