కప్పు మోయాలి, కన్ను చదవాలి: కళాశాల క్రీడాప్రాంగణాలలో దృశ్యఫలకాలు

అమెరికాలో చదువుకుంటున్న పిల్లలు ఇంటికి పంపే ఛాయాచిత్రాలలో బాస్కెట్‌బాల్ ఆటల దృశ్యాలు తరచుగా కనిపిస్తాయి. చుట్టూ వేలాదిమంది ప్రేక్షకులు, నడుమ మెరిసే చెక్కనేల, దాని నడినెత్తిన కప్పు నుండి వేలాడుతూ నాలుగు వైపులా వెలిగే ఒక పెద్ద పెట్టె. ఆ పెట్టెయే ఈ వ్యాసానికి విషయం. అక్కడి విశ్వవిద్యాలయాలు పాత క్రీడాప్రాంగణాలకు ఇటువంటి ఫలకాలను చేర్చడానికి కోట్ల డాలర్లు వెచ్చించాయి. కొన్ని న్యాయస్థానాల దాకా కూడా వెళ్లవలసి వచ్చింది. మన నగరాలలోని ఇండోర్ స్టేడియములలోనూ ఇవి అమరుతున్నాయి. అవి ప్రజాధనంతో వచ్చేవి కనుక, వాటిని గురించి ఏమి అడగాలో పౌరులకు తెలిసి ఉండడం మంచిది.

ముందుగా ఒక మాట. వీడియో బోర్డు అన్నది అందరికీ తెలిసిన పేరే. అయినా ఈ వ్యాసంలో దానిని దృశ్యఫలకం అని వ్యవహరించడమైనది. స్కోరుబోర్డును మాత్రం ఉన్నది ఉన్నట్లే ఉంచాం. దానిని కూడా తెలుగు చేయబోతే ఆటగాళ్లే గుర్తుపట్టరు!

అమెరికా కళాశాలల బాస్కెట్‌బాల్ కోర్టు పొడవు సుమారు 28.7 మీటర్లు, వెడల్పు సుమారు 15.2 మీటర్లు. ఇంత చిన్న స్థలంలో పదిమంది వేగంగా కదులుతుంటారు. పురుషుల ఆటలో బంతి చేతికి వచ్చిన జట్టు 2015-16 నుండి 30 సెకన్లలోపు బుట్టకేసి వేయవలసిందే. అంతకుముందు ఆ గడువు 35 సెకన్లు, 1985-86లో నియమం మొదలైనప్పుడు 45 సెకన్లు. కనుక ఎంత సమయం మిగిలింది, ఎవరికెన్ని ఫౌళ్లు పడ్డాయి, గెలుపోటముల లెక్క ఎట్లున్నది అనేవి క్షణక్షణమూ కంటికి కనబడకపోతే ప్రేక్షకునికి ఆట అర్థం కాదు. చిన్న వ్యాయామశాలలో గోడకు తగిలించిన విద్యుద్దీపాల స్కోరుబోర్డు ఇందుకు చాలు. కాని చివరి వరుస కోర్టుకు 60 మీటర్ల దూరంలో ఉండే పెద్ద ప్రాంగణంలో తక్కువ ధర టికెట్టు కొన్నవారికి ఆటగాళ్ల ముఖాలు కూడా కానరావు. దగ్గరి దృశ్యాన్ని వారికి చేరవేయడమే దృశ్యఫలకం మొదటి ప్రయోజనం. ప్రకటనల ఆదాయం, పాటలు, వెలుగుల హంగు అన్నీ ఆ తరువాతివి. నిర్వాహకుల లెక్కలో ఈ వరుస తారుమారు కావడం కద్దు, అది వేరే సంగతి.

ఈ సాంకేతికత చరిత్ర పెద్దది కాదు. 1980లో లాస్ ఏంజిలిస్ డాడ్జర్ స్టేడియంలో మిత్సుబిషి సంస్థ అమర్చిన డైమండ్ విజన్ పెద్ద క్రీడాస్థలాలలో రంగుల వీడియో తెరలకు ఆద్యమని చెప్పుకుంటారు. అది పాతకాలపు టీవీ గొట్టాల జాతికి చెందినది. ఇప్పటి ఫలకాలన్నీ ఎల్‌ఇడి దీపాలతో కూర్చినవే. ఎరుపు, ఆకుపచ్చ ఎల్‌ఇడిలు ముందునుండీ ఉన్నా, ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఇడి 1990ల ఆరంభంలో జపాన్‌లో సిద్ధమయ్యేదాకా పూర్తి రంగుల బొమ్మ సాధ్యపడలేదు. ఆ నీలి దీపానికే 2014లో అకసాకి, అమానో, నకమురాలకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. స్కోరుబోర్డుల తయారీలో ప్రసిద్ధమైన డాక్ట్రానిక్స్ సంస్థను 1968లో స్థాపించినవారు దక్షిణ డకోటాకు చెందిన ఇద్దరు ఇంజినీరింగు ఆచార్యులు. కళాశాల క్రీడాప్రాంగణాలను వెలిగించే పరిశ్రమ కళాశాలలోనే పుట్టిందన్నమాట.

ఫలకం ఎంత బాగా కనిపిస్తుందో నిర్ణయించేది దాని పరిమాణం ఒక్కటే కాదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలు మూడూ కలిసి ఒక చుక్క. ఒక చుక్క నడిమి నుండి పక్క చుక్క నడిమికి గల దూరమే అసలు కొలత. 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల ఎత్తు గల ఫలకాన్ని తీసుకుందాం. చుక్కల మధ్య దూరం 10 మిల్లీమీటర్లయితే అందులో 5 లక్షల చుక్కలు పడతాయి. దూరాన్ని సగానికి, అంటే 5 మిల్లీమీటర్లకు తగ్గిస్తే చుక్కలు రెండింతలు కావు, నాలుగింతలై 20 లక్షలకు చేరుతాయి. ఖర్చు, విద్యుత్తు, వేడిమి, మరమ్మతులు అన్నీ ఆ దిశగానే పెరుగుతాయి. మిల్లీమీటరు దూరానికి మీటరు చొప్పున ఎడంగా కూర్చుంటే చుక్కలు విడివిడిగా కనబడక బొమ్మగా కలిసిపోతాయని ఒక మోటు లెక్క ఉన్నది. అందరికంటె దగ్గరి ప్రేక్షకుడు 15 మీటర్ల అవతల ఉండే చోట 3 మిల్లీమీటర్ల ఫలకం కొనడం బొమ్మ కోసమైతే వృథా.

ఇక కప్పు సంగతి. దృశ్యఫలకాన్ని చేర్చడంలో అత్యంత క్లిష్టమైన భాగం ఇదే. ప్రేక్షకులకు కనబడని భాగం కూడా ఇదే. గోడకు అమర్చే ఫలకానికి గోడ ఆధారంగా ఉంటుంది. నడిమధ్య వేలాడే ఫలకం బరువు టన్నులలో ఉంటుంది, ఆ బరువంతా కప్పు మోయాలి. నలభై ఏభై ఏళ్ల కిందట కప్పు వేసిన ఇంజినీరు ఈ బరువును లెక్కలోకి తీసుకొని ఉండకపోవచ్చు.

న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ విశ్వవిద్యాలయం కథ ఇందుకు చక్కని ఉదాహరణ. 1980లో తెరిచిన అక్కడి క్యారియర్ డోము కప్పు ఉక్కుదీ కాదు, కాంక్రీటుదీ కాదు. టెఫ్లాన్ పూత పూసిన గాజునూలు గుడ్డ. లోపలి గాలిపీడనాన్ని బయటికంటె కొంచెం ఎక్కువగా ఉంచి, పెద్ద పంకాలతో ఆ గుడ్డను బుడగవలె పైకి నిలిపేవారు. తలుపు తెరుచుకొని బయటికి వచ్చేవారిని గాలి వెనుకనుండి తోసేది. శీతలీకరణ యంత్రాల సంస్థ పేరు పెట్టుకున్న ఆ డోములో దశాబ్దాలపాటు ఏసీ లేకపోవడం ఊరివారందరూ చెప్పుకునే వేడుక. 2019 ఫిబ్రవరి 23న డ్యూక్ జట్టుతో జరిగిన బాస్కెట్‌బాల్ ఆటకు అక్కడ 35,642 మంది వచ్చారు. అది ఫుట్‌బాల్ కోసం కట్టిన స్థలం. బాస్కెట్‌బాల్ కోర్టును ఒక కొసన పరుస్తారు కనుక చాలామందికి ఆట దూరంగానే ఉంటుంది. దృశ్యఫలకం అవసరం అంతకంటె ఎక్కువగా ఉన్న చోటు మరొకటి వెదికినా దొరకదు. అయితే గాలి మీద నిలిచిన గుడ్డకు టన్నుల బరువును నడిమధ్య వేలాడదీయడం ఎట్లా?

ఆ కప్పుతో అది అయ్యే పని కాదు. అటువంటి గుడ్డ కప్పులకు మంచు కూడా భారమే. 2010 డిసెంబరులో మినియాపోలిస్‌లోని మెట్రోడోము కప్పు మంచు బరువుకు చినిగి కూలింది. సిరక్యూస్‌వారు 2018లో 11 కోట్ల 80 లక్షల డాలర్ల పునర్నిర్మాణాన్ని ప్రకటించారు. 2020 మార్చిలో పాత కప్పును శాశ్వతంగా దించివేసి, చుట్టూ కిరీటంవంటి ఉక్కు చట్రం కట్టి, దానిపై స్థిరమైన కప్పు వేశారు. ఆ తరువాతనే నడుమ భారీ దృశ్యఫలకం వేలాడింది. అందరూ తలెత్తి చూసేది ఫలకాన్నే అయినా ఆ సొమ్ములో పెద్దపాలు దానిని మోసే నిర్మాణానికి పోయిందని ఊహించడం కష్టం కాదు.

వేలాడదీసిన తరువాత కూడా భద్రత ముగియదు. 1996 నవంబరు 16న బఫెలో నగరంలో అప్పటికి కొత్తదైన ఐస్ హాకీ ప్రాంగణంలో నడిమి స్కోరుబోర్డు నిర్వహణ పనుల సమయంలో తెగి మంచునేలపై పడి తునాతునకలైంది. అది కళాశాల ప్రాంగణం కాదు, ఆట కూడా వేరు. కాని వేలాడే బరువుకు ఆ తేడా తెలియదు. ఆటకు ఇంకా కొన్ని గంటలు ఉండడం వలన ఎవరికీ గాయం కాలేదు. పైకి కిందికి దించే యంత్రాలు, తీగలు, అదనపు భద్రతా తాళ్లు, వాటి తనిఖీ తేదీలు అన్నీ లిఖితంగా ఉండవలసిన అవసరం ఇక్కడ కనబడుతుంది.

ఇంతవరకు కప్పును గురించి. ఫలకం ఏమి చూపాలి అన్నది రెండవ ప్రశ్న. నా దృష్టిలో ఇదే ఎక్కువ లోతైనది.

క్రీడాప్రాంగణంలో మైకు నిరంతరం మాట్లాడుతుంటుంది. ఫౌలు ఎవరిది, ఎవరు గాయపడ్డారు, రెఫరీ నిర్ణయం ఏమిటి, ఏ ద్వారం గుండా బయటికి వెళ్లాలి అనేవన్నీ చెవికి చేరే మాటలే. వినబడనివారి సంగతి ఏమిటి? ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంపై ఒక బధిర అభిమాని ఇదే ప్రశ్నతో దావా వేశాడు. 2010లో కుదిరిన ఒప్పందం ప్రకారం మైకులో చెప్పే మాటలను ప్రాంగణంలోని ఫలకాలపై అక్షరరూపంలో చూపడానికి విశ్వవిద్యాలయం అంగీకరించింది. మరుసటి ఏడు, వాషింగ్టన్ ఫుట్‌బాల్ జట్టు స్టేడియం విషయంలో అమెరికా నాలుగవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానం, 1990 నాటి వికలాంగుల చట్టం ప్రకారం మైకు ప్రకటనలే కాక వినిపించే పాటల మాటలు కూడా బధిర ప్రేక్షకులకు అందాలని తేల్చింది. పాట ఎందుకని కొందరు ఆశ్చర్యపోయారు. నలుగురూ కలిసి పాడుతుంటే ఒక్కరు మాత్రం ఊరికే కూర్చోవలసి రావడం ఎటువంటిదో తెలిసినవారికి ఆశ్చర్యం కలగదు.

2013లో మేరీలాండ్ విశ్వవిద్యాలయంపై వచ్చిన దావా మరింత సూక్ష్మమైనది. ఫుట్‌బాల్ స్టేడియం, బాస్కెట్‌బాల్ ప్రాంగణం రెండూ అందులో ఉన్నాయి. అక్కడ అక్షరరూపం అసలు లేకపోలేదు. చేతిలోని ఫోనులో చదువుకోవచ్చు. బధిరుల వాదన ఇది: ఫోనులోకి తలవంచి చదివే లోపల బంతి బుట్టలో పడిపోతుంది, చూపును కిందికీ పైకీ తిప్పుతూ ఆట చూడడం చూడడం కాదు. అందరూ తలెత్తి చూసే చోటనే అక్షరాలు ఉండాలి. సమాచారం ఎక్కడో ఒకచోట ఉంటే చాలదు, చూపు ఉన్నచోట ఉండాలన్నది ఇందులోని సారం. దృశ్యఫలకం ఉన్న ప్రాంగణంలో దానికి ఖర్చయ్యేది టైపు చేసే మనిషి వేతనం, తెరలో ఒక పట్టీ స్థలం.

మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 30వ సెక్షను క్రీడలను గురించినది. క్రీడావసతులను దివ్యాంగులకు అనువుగా తిరిగి రూపొందించాలనీ, ఒకటికంటె ఎక్కువ ఇంద్రియాలకు అందే ఏర్పాట్లు ఉండాలనీ అది చెబుతున్నది. వినేదాన్ని చూసేదిగా మార్చే ఫలకం సరిగ్గా ఆ కోవకు చెందినదే.

వెలుగు విషయమూ ఒకటున్నది. సెకనుకు మూడుసార్లకు మించి మిణుకుమనే పెద్ద వెలుగులు మూర్ఛవ్యాధి గల కొందరికి ప్రమాదకరం. 1997 డిసెంబరులో జపాన్‌లో ఒక టీవీ కార్టూను చూసిన వందలాది పిల్లలు ఆస్పత్రుల పాలైనది ఇటువంటి వెలుగుల వలననే. గెలుపు సంబరంలో ఫలకమంతా మిణుకుమనిపించే ముందు నిర్వాహకులు ఈ హద్దును పాటించాలి.

పరాయి రాష్ట్రాలలో స్థిరపడిన తెలుగువారికి మరొక ప్రశ్న సహజంగా తోస్తుంది. అత్యవసర ప్రకటన తెలుగులోనూ కనబడుతుందా? ఇక్కడ లిపి అడ్డువస్తుంది. ఆంగ్ల పెద్దక్షరాలకు, అంకెలకు 7 చుక్కల ఎత్తు, 5 చుక్కల వెడల్పు చాలు. పాతకాలపు బోర్డులు ఆ కొలతకే కట్టినవి. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, కొన్నిచోట్ల ఒత్తు కింద ఒత్తు! "స్త్రీ" అన్న ఒక్క మాటను 7 చుక్కలలో ఇరికించి చూడండి, సంగతి తెలుస్తుంది. దానికి అంతకు మూడింతలో నాలుగింతలో ఎత్తు కావాలి. కొత్త దృశ్యఫలకాలకు ఈ ఇబ్బంది లేదు. అక్షరం ఎత్తు చూసే దూరంలో రెండువందల వంతు ఉండాలన్న లెక్కన 60 మీటర్లకు 30 సెంటీమీటర్లు కావాలి. 6 మిల్లీమీటర్ల ఫలకంపై అది 50 చుక్కలు. కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ, తెలుగు ఏదైనా ఇందులో చక్కగా ఇముడుతుంది. కావలసిందల్లా ద్వారాలు, అగ్నిప్రమాదం, తొక్కిసలాట వంటి సందర్భాల సందేశాలను ముందే అనువదించి యంత్రంలో సిద్ధంగా ఉంచడం. ప్రమాదం వచ్చినప్పుడు అనువాదకుని కోసం వెదకడానికి వ్యవధి ఉండదు.

మీ నగరంలోని ప్రభుత్వ ఇండోర్ స్టేడియంలో దృశ్యఫలకం అమర్చారని, లేదా అమర్చబోతున్నారని తెలిస్తే, కప్పు బలాన్ని పరీక్షించిన ఇంజినీరు ధ్రువపత్రం, తనిఖీల నమోదు, అక్షరరూప ప్రకటనలకు సంబంధించిన టెండరు షరతు అనే మూడు కాగితాల ప్రతులను 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద కోరవచ్చు. సాధారణంగా 30 రోజులలో జవాబు రావాలి. దరఖాస్తును ఆంగ్లంలోగాని, హిందీలోగాని, ఆ ప్రాంతపు అధికార భాషలోగాని రాయాలి. అనగా బెంగళూరులో కన్నడంలో, చెన్నైలో తమిళంలో, బరంపురంలో ఒడియాలో, ముంబైలో మరాఠీలో రాయవచ్చు. తెలుగుకు అధికార వ్యవహారంలో చోటున్న యానాంలో తెలుగులోనే రాయవచ్చు.