జలాశయంలో వేటకు ఇంజిన్ పడవ: కొనే ముందు చూడవలసినవి

హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా నీరు చేరడంతో బెళుగుప్ప మండలంలోని జీడిపల్లి జలాశయంలో చేపల వేటకు అవకాశం కలిగింది. చిన్న వేటకు పుట్టి చాలు. తేలిక, ఖర్చు తక్కువ. కానీ అడుగు గుండ్రంగా ఉండటంతో గాలికి పక్కకు కొట్టుకుపోతుంది. గాలిమరలు తిరిగే ప్రాంతం మనది. ఆషాఢ గాలికి వెడల్పాటి నీటిపై అలలు త్వరగా లేస్తాయి. దూరంగా వలలు వేసేవారు ఇంజిన్ పడవకు మారేటప్పుడు ఈ జాగ్రత్తలు పాటించాలి.

పడవ: ఇంజిన్ హార్స్‌పవర్ కంటే ముందు పడవ అంచు ఎత్తు చూడండి. మనుషులు, తడి వల, చేపలు, ఐసు అన్నీ ఎక్కించాక కూడా అంచు నీటికి బాగా పైన ఉండాలి. ముందు భాగం కోసుగా ఉంటే అలను చీల్చుకుని పోతుంది. ఫైబర్ పడవలో తగినంత ఫోమ్ లేదా మూసిన గాలి అరలు ఉంటే నీరు నిండినా తేలుతుంది.

ఇంజిన్: తయారీదారు చెప్పిన పరిమితి మించరాదు. బరువు ఎక్కువైతే వెనుక భాగం కుంగి, అల లోపలికి వస్తుంది. నీటిమట్టం తగ్గితే మోళ్లు, బండలు ఫ్యాన్‌కు తగులుతాయి. అందుకే పైకి ఎత్తుకోగల అవుట్‌బోర్డ్ ఇంజిన్ మేలు.

ఇంధనం: పోవడానికి మూడో వంతు, రావడానికి మూడో వంతు, మిగిలినది నిల్వ. ఎదురుగాలిలో ఖర్చు పెరుగుతుంది. తెడ్లు, నీరు తోడే డబ్బా, ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ తప్పనిసరి.

ఖాళీ పడవను చూసి కొనకండి. ఒడ్డుకు దగ్గరలో, కొద్దిపాటి గాలి ఉన్నప్పుడు, వేటకు తీసుకెళ్లేంత బరువు వేసి నడిపి చూశాకే డబ్బు చెల్లించండి. రాయితీల వివరాలకు మత్స్యశాఖ సిబ్బందిని సంప్రదించండి.