ఈడు రాని గల్ పక్షులు: అపోహలు – వాస్తవాలు

చలికాలంలో కాకినాడ తీరానికీ పులికాట్ సరస్సుకూ వచ్చే గల్ పక్షులలో బాగా ఎదిగినవాటిని, అంటే తెల్లని ఒళ్లు, బూడిదరంగు వీపు, నల్లని రెక్కకొసలు ఉన్నవాటిని, పక్షుల పుస్తకం చేతిలో ఉంటే కొంత ఓపికతో చాలావరకు పోల్చుకోవచ్చు. చిక్కంతా వాటి మధ్యనే తిరుగుతూ మట్టిరంగు మచ్చలతో కనిపించే ఈడు రాని పక్షులతోనే వస్తుంది. వీటి గురించి ప్రచారంలో ఉన్న అభిప్రాయాలలో కొన్ని పూర్తిగా తప్పు, కొన్ని సగం నిజం. సగం నిజాలే ఎక్కువగా దారి తప్పిస్తాయి.

అపోహ: మట్టిరంగు గల్ వేరే జాతి.

ఈ పొరపాటు పండితులు కూడా చేసినదే. ఉత్తర సముద్రాలలో ఉండే కిట్టివేక్ అనే గల్ పిల్లను 18వ శతాబ్దపు బ్రిటిష్ రచయితలు కొందరు ‘టారక్’ అన్న పేరుతో వేరే జాతిగా లెక్కించారు. మట్టిరంగు కూడా అలాగే జాతిని కాక వయసును సూచిస్తుంది. పెద్ద గల్ జాతులు దాదాపు అన్నింటిలోనూ పిల్లలు ఇలాగే ఉండడం వల్ల, ఏ పిల్ల ఏ జాతిదో చెప్పడం కష్టమవుతుంది.

అపోహ: ఏడాది తిరిగేసరికి పిల్ల తెల్లబడిపోతుంది.

నల్లతల గల్, గోధుమతల గల్ వంటి చిన్న జాతులకు పెద్దల రూపం రావడానికి సుమారు రెండేళ్లు, మధ్యస్థ జాతులకు మూడేళ్లు, హెర్రింగ్ గల్ వంటి పెద్ద జాతులకు నాలుగేళ్లు పడుతుంది. పాత ఈకలు రాలి కొత్తవి రావడాన్ని ఈకల మార్పిడి అంటారు. ఈ మార్పిడి ఒళ్లంతా ఒకేసారి జరగకపోవడమే చిక్కుకు మూలం. ఐరోపా తీరాల హెర్రింగ్ గల్‌నే తీసుకుంటే, గూడు వదిలిన పిల్ల వీపు మీద ఈకలకు లేత అంచులుండి పొలుసులు పరిచినట్లు కనిపిస్తుంది. మొదటి శరత్తులో తల, వీపు ఈకలు కొంత మారినా రెక్కలవీ తోకవీ మాత్రం పాతవే మిగులుతాయి. రెండో శీతాకాలానికి వీపు మీద బూడిదరంగు మొదలై, మూడో దానికి రెక్కలకు పాకుతుంది, అప్పటికీ తోక మీద నల్లని మచ్చలు పూర్తిగా పోవు. ఈలోగా నల్లగా ఉన్న ముక్కు మొదట్లో గులాబీరంగుకు తిరిగి, చివరికి పసుపుపచ్చగా మారి, కింది దవడ మీద ఎర్రని చుక్క తెచ్చుకుంటుంది. గూటిలోని పిల్లలు ఆహారం కోసం పొడిచేది తల్లిదండ్రుల ముక్కు మీద ఉన్న ఈ చుక్కనే. దీనిని పరిశోధించిన నికో టిన్‌బెర్గెన్ జంతు ప్రవర్తనపై చేసిన మొత్తం కృషికి 1973లో నోబెల్ బహుమతిని మరో ఇద్దరితో పంచుకున్నారు.

ఈ క్రమం కూడా అన్ని పక్షులలో ఒకే వేగంతో సాగదు. గూటిలోనే కాలికి రంగు పట్టీ వేయడం వల్ల పుట్టిన సంవత్సరం కచ్చితంగా తెలిసిన పక్షులను పోల్చి చూసినప్పుడు, ఒకే ఈడువి ఒకటి ముందు, ఒకటి వెనుకగా కనిపిస్తాయి. జాతుల మధ్య తేడా మరీ ఎక్కువ. మన తీరానికి వచ్చే పల్లాస్ గల్ పెద్ద జాతే అయినా, తక్కిన పెద్ద గల్ పిల్లల వీపు ఇంకా మచ్చలతో ఉండగానే దీనికి మొదటి శీతాకాలంలోనే బూడిదరంగు వీపు వస్తుంది, తెల్లని తోక చివర స్పష్టమైన నల్లని పట్టీ నిలుస్తుంది.

అపోహ: తల మీద ముసుగు లేకపోతే అది పిల్లే.

ఎదిగిన నల్లతల, గోధుమతల గల్‌లు కూడా శీతాకాలంలో తల మీది ముదురు ముసుగును వదిలేసి కంటి వెనుక ఒక మచ్చను మాత్రమే మిగుల్చుకుంటాయి. మన తీరంలో మళ్లీ ముసుగు కనిపించడం ఫాల్గుణం నాటి మాట.

అపోహ: కంటి రంగో కాలి రంగో చూస్తే చాలు.

లడఖ్, టిబెట్ ఎత్తైన సరస్సుల నుంచి మన తీరానికి దిగే గోధుమతల గల్‌ను నల్లతల గల్ నుంచి విడదీయడానికి పుస్తకాలు చెప్పే గుర్తులు రెండు: ఒకటి లేతరంగు కన్ను, రెండోది నల్లని రెక్కకొసలలో తెల్లని చుక్కలు, వీటిని పక్షి పరిశీలకులు ‘అద్దాలు’ అంటారు. మొదటి శీతాకాలపు పిల్లలో ఈ రెండూ పనికిరావు, ఎందుకంటే దాని కన్ను ముదురుగానే ఉంటుంది, అద్దాలు ఇంకా రావు. అప్పుడు ఎగిరేవేళ రెక్క బయటి అంచును చూడాలి: నల్లతల గల్ పిల్లలో అక్కడి పొడవాటి ఈకలు చాలావరకు తెల్లగా ఉండి అంచులే నల్లబడతాయి, గోధుమతల గల్ పిల్లలో రెక్క చివరి భాగం వెడల్పుగా నల్లగా ఉంటుంది. కాళ్ల సంగతీ అంతే. పేరులోనే పసుపు కాళ్లున్న మధ్యధరా ప్రాంతపు గల్‌కు సైతం చిన్నతనంలో కాళ్లు వెలవెలబోయిన గులాబీరంగులోనే ఉంటాయి. పరిమాణం మీద పూర్తిగా ఆధారపడడం కూడా క్షేమం కాదు, ఎందుకంటే ఒకే జాతిలో మగది ఆడదానికన్నా పెద్దదిగా, బలమైన ముక్కుతో ఉంటుంది.

అపోహ: ఈకలు మారేదాకా రంగు మారదు.

ఈకకు నలుపునిచ్చే మెలనిన్ దానికి గట్టిదనాన్ని కూడా ఇస్తుంది, కాబట్టి అది తక్కువగా ఉన్న లేత భాగాలు ముందు అరిగిపోతాయి, మిగిలినవి ఎండలో ఆరేసిన రంగు చీరలా వెలిసిపోతాయి. వసంతం చివరికి ఏడాది వయసు హెర్రింగ్ గల్ ఎంతగా పాలిపోతుందంటే, ఉత్తర ధ్రువ ప్రాంతపు ఐస్‌లాండ్ గల్ అని పొరబడేంతగా. వెలుతురు ఎక్కువగా పడ్డ ఫోటో ఈ పొరపాటును ఇంకొంచెం పెంచుతుంది.

అపోహ: నిపుణులైతే ప్రతి గల్‌నూ పేరు పెట్టి పిలవగలరు.

జొనాథన్ డ్వైట్ 1925లోనే ప్రపంచ గల్‌ల ఈకల దశలను ఒక్కొక్కటిగా వివరించారు, పి.జె. గ్రాంట్ 1982 నాటి గ్రంథం వయసును తేల్చడమే మొదటి మెట్టు అన్న పద్ధతిని పరిశీలకులలో స్థిరపరిచింది. ఆ తరువాత కూడా నిపుణులు కొన్ని పక్షులను ‘తేలలేదు’ అనే రాసుకుంటారు, దానిని అసమర్థతగా భావించడం అన్యాయం. మన తీరంలో హ్యూగ్లిన్ గల్, స్టెప్పీ గల్ పిల్లలు ఇలాంటివే. పైగా జాతుల హద్దులే కదులుతూ ఉంటాయి: అమెరికా పక్షిశాస్త్రజ్ఞుల సంఘం 1973లో వేరే జాతిగా గుర్తించిన థేయర్ గల్‌ను 2017లో ఐస్‌లాండ్ గల్‌లో కలిపేశారు. అమెరికా వాయవ్య తీరంలోనైతే రెండు పెద్ద గల్ జాతులు విరివిగా జతకట్టి, సంకర సంతానం పెద్ద సంఖ్యలో కనిపిస్తుంది.

అపోహ: డీఎన్ఏ పరీక్ష చేస్తే సందేహం తీరిపోతుంది.

హెర్రింగ్ గల్ బంధుజాతులు ఉత్తర ధ్రువం చుట్టూ గొలుసుగా వ్యాపించి, రెండు కొసలూ ఐరోపాలో వేరు వేరు జాతులుగా కలుసుకున్నాయని ఎర్నెస్ట్ మేయర్ 1942లో ప్రచారంలోకి తెచ్చిన వాదాన్ని 2004లో వచ్చిన జన్యు పరిశోధన తోసిపుచ్చింది. అయితే ఈ జాతులు ఇటీవలి కాలంలోనే విడిపోవడం వల్లా, అప్పుడప్పుడూ కలుస్తుండడం వల్లా, తల్లి నుంచి మాత్రమే సంక్రమించే మైటోకాండ్రియా డీఎన్ఏలోని ఒకే రకం క్రమాలు పలు జాతులలో కనిపిస్తాయి, అందుచేత ఆ ఒక్క పరీక్షతో ఈ గుంపులోని మట్టిరంగు పిల్ల ఏ జాతిదో చాలాసార్లు తేలదు.