సిపాయి బొమ్మకు ఏ ఎరుపు వేస్తరు?

మొన్న ఖాజాగూడ గుట్టల కాడ ఓ తమ్ముని రూముకు పోయిన. పగలు ఐటీ కంపెనీల కొలువు, రాత్రి బొటనవేలంత సిపాయి బొమ్మలకు రంగులేసుడు. 1806 నాటి మద్రాసు సిపాయి బొమ్మ చేతికిచ్చి, "అన్నా, దీనికి ఏ రంగెయ్యాలె?" అన్నడు. "ఎర్రకోటే గదా" అన్న. "ఏ ఎరుపు?" అన్నడు. నాకు జవాబు రాలె. ఆ పొద్దుసంది వెతికి నేర్చుకున్న ముచ్చట చెప్త.

బ్రిటిష్ సైన్యంల ఎరుపు ఒక్కటి గాదు, రెండు. మామూలు సైనికుని కోటుకు మంజిష్ఠ జాతి వేరు రంగు. అది ఇటుక లెక్క మబ్బుగుంటది. ఆఫీసరు కోటుకు నాగజెముడు మీద బతికే కోచినీల్ పురుగు రంగు. అది నిగనిగలాడుతది. అంటే రంగుల గూడ తరగతి ఉన్నది.

బొమ్మకు రంగేసెటోళ్లు ముందు ఏ ఏడాది, ఏ పల్టన్ అన్నది తేల్చుకోవాలె. కాలరు, చేతి పట్టీల రంగు పల్టన్‌కొక తీరుగ మారుతది. ఖాకీ అయితే 1846ల పెషావర్‌ల పుట్టిన కోర్ ఆఫ్ గైడ్స్‌తోటి మొదలైంది. ఖాక్ అంటే ఉర్దూల దుమ్మే గదా! 1806 బొమ్మకు ఖాకీ వేస్తే తప్పు.

మరి ఆధారాలేంది? పాత ఫొటోలను గుడ్డిగ నమ్మొద్దు. 1850ల నాటి ఫొటో పలకలకు నీలి వెలుగే బాగ పడతది. అందుకే ఎరుపు నల్లగ, నీలం తెల్లగ కనబడతది. డ్రెస్ రెగ్యులేషన్స్ అనే పుస్తకాలున్నయి గని, అవి ఆఫీసర్ల కోసం రాసినయి. సిపాయి కావాలంటే తంజావూరు తదితర తావులల్ల మన చిత్రకారులు గీసిన కంపెనీ బొమ్మలు చూడాలె. ఎర్రకోటు, మోకాళ్ల పైదాక చెడ్డీ, ఉత్త కాళ్లు. గీసినోళ్ల పేర్లు మాత్రం ఎక్కువ శాతం మిగల్లే.

ఇగ అసలు ముచ్చట. ఈ బట్టలకు పాణాలే పోయినయి. మద్రాసు సైన్యాధిపతి క్రాడాక్ తలపాగ మార్చి, తోలు తురాయి పెట్టించిండు. బొట్టు, గడ్డం వద్దన్నడు. 1806 జులై 10న వేలూరు కోటల సిపాయిలు తిరగబడ్డరు. వందకు పైగ తెల్లోళ్లు, వందల మంది సిపాయిలు సచ్చిన్రు. అదే నెల హైదరాబాద్‌ల ఉన్న కంపెనీ దళంల గూడ అలజడి లేసింది. చివరికి ఆ హుకుం వాపసు తీసుకున్నరు. క్రాడాక్, గవర్నర్ బెంటింక్ ఇద్దరినీ లండన్ పిలిపిచ్చుకున్నది.

ఉత్తరాదిల సిపాయిని "తిలంగా" అనెటోళ్లు. కంపెనీ తొలినాళ్లల్ల తెలుగు నేలకెల్లి సిపాయిలను తీసుకున్నందుకే ఆ పేరు. 1857ల ఢిల్లీ జనం తిరుగుబాటు సిపాయిలను గూడ గట్లనే పిలిచిన్రు.

తమ్ముళ్లారా, ఎవరన్న బొమ్మ జేస్తే, నాటకం గడితే, పోస్టర్ గీస్తే ఆఫీసరు ఎరుపు సిపాయికి పుయ్యకున్రి. ఇటుక ఎరుపే వెయ్యున్రి. ఆ తమ్ముడు గూడ అదే వేసిండు.