ఈమాన్, యఖీన్: ఏది ముందు?

  

“హజ్రత్, నేను నమాజు చేస్తున్నాను. కాని అల్లాహ్ ఉన్నాడని కళ్లారా చూసినంత నిశ్చయం నాలో లేదు. నాది కపటమేనా?” అని మన యువకులు అప్పుడప్పుడు మమ్మల్ని చాటుగా అడుగుతుంటారు. ఈ భయంతోనే మస్జిదుకు దూరమైనవారూ ఉన్నారు. కనుక ఈ విషయాన్ని విపులంగా గ్రహించాలి.

చిక్కు కొంత మన మాటల్లోనే ఉంది. తెలుగులో “వాన పడుతుందని నా నమ్మకం” అంటాము. “అతడు నమ్మకస్తుడు” అనీ అంటాము. మొదటిది అంచనా, రెండవది భరోసా. ఈమాన్ రెండవదానికి చెందినది. అమ్న్, అమానత్ అనే పదాలు దాని తోబుట్టువులే. యఖీన్ అంటే సందేహానికి తావులేని ఎరుక. మన ఇళ్లలోని ఉర్దూలో ఈ రెండూ కలిసిపోయాయి.

మన అమ్రాబాద్ అడవిలో పెద్దపులులున్నాయి. మనలో ఎందరు చూశారు? చూసినవారి మాట నమ్మి పశువుల కాపరి పొద్దుగూకకముందే మందను ఇల్లు చేరుస్తాడు. తడిమట్టిలో పాదముద్ర చూసినవానిది మరో మెట్టు, ఎదురుపడినవానిది ఇంకో మెట్టు. (సృష్టికర్తను దేనితోనూ పోల్చరాదు, ఇక్కడ చెబుతున్నది మనిషి తెలుసుకునే తీరు మాత్రమే.) పులిని చూడలేదు గనుక ఆ కాపరి జాగ్రత్త కపటమని ఎవరంటారు?

బఖరా సూరా 260వ ఆయతు చూడండి. మృతులను ఎలా బ్రతికిస్తావో చూపమని హజ్రత్ ఇబ్రాహీం (అ) వేడుకున్నారు. నీకు విశ్వాసం లేదా అని అల్లాహ్ ప్రశ్నించాడు. ఉన్నది, హృదయం కుదుటపడటానికే అడిగానని ఆయన విన్నవించుకున్నారు. మందలింపు రాలేదు, నాలుగు పక్షుల నిదర్శనం లభించింది. అదే సూరా 55వ ఆయతులో ఇస్రాయీల్ సంతతివారూ చూపమనే అడిగారు. అయితే కళ్లారా చూసేదాకా విశ్వసించబోమని షరతు పెట్టారు. వారిని పిడుగు పట్టుకుంది. ఇబ్రాహీం (అ) విశ్వసించి అడిగారు, వీరు విశ్వసించకుండా ఉండటానికి అడిగారు.

ఇక ఫిరౌన్ సంగతి. నీట మునిగిపోతూ అతడు విశ్వాసాన్ని ప్రకటించాడు. అప్పటికి సత్యం కళ్లెదుటే ఉంది. ఇప్పుడా అన్నదే అతనికి దొరికిన జవాబు. యఖీన్ వచ్చింది, ఈమాన్‌కు గడువు దాటిపోయింది.

మనసులో మెదిలే సందేహాల మాటేమిటి? నోట పలకడానికే జంకేటంత ఘోరమైన ఆలోచనలు తమకు కలుగుతున్నాయని సహాబాలు ప్రవక్త (స)కు మొరపెట్టుకున్నారు. అలా జంకడమే స్పష్టమైన ఈమాన్ అని ఆయన తెలిపినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. కపటికి ఆ బాధ ఎక్కడిది?

యఖీన్‌ను కోరుకోవలసిందే. ఆరాధనతో, ఖుర్ఆన్ చింతనతో అది పెరుగుతుంది కూడా. అయితే హిజ్ర్ సూరా చివరి ఆయతులోని ఆజ్ఞ, యఖీన్ వచ్చాక ఆరాధన మొదలుపెట్టమని కాదు, అది వచ్చేవరకు ఆరాధిస్తూ ఉండమని. అక్కడ యఖీన్ అంటే మరణమని ముఫస్సిర్లు వివరించారు.