వాడితే అరుగుతుంది... దాస్తే పాడవుతుంది!

ముహూర్తాల రోజులొచ్చాయంటే మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా రోడ్డంతా పెళ్లి సందడే. ఫామ్‌హౌస్‌లు, రిసార్టులు, ఫంక్షన్ హాళ్లు దేనికది దీపాల తోరణాలతో వెలిగిపోతుంటాయి. పెళ్లికి ముందే ఫోటోలు దిగాలని వచ్చే జంటలు వేరే. గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల గట్లు వాళ్లకు దగ్గర. పోలీస్ అకాడమీ కూడలి నుంచి మన్నెగూడ వైపు సాగే ఈ రోడ్డు పొడవునా వందల మర్రిచెట్లు. విస్తరణ పేరుతో వాటిని కొట్టేయొద్దని ప్రకృతి ప్రేమికులు నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. ఆ ఊడల నీడలో నిలబడి నవ్వితే ఏ ఫోటో అయినా అందంగానే వస్తుంది మరి!

ఇంత హడావుడిలో పెళ్లికూతురికైనా కాసేపు కూర్చునే తీరిక దొరుకుతుందేమో గానీ, కెమెరాకు మాత్రం దొరకదు. మట్టిదారుల దుమ్ము, హల్దీ వేడుకలో పసుపు, హోమం పొగ, తలంబ్రాలు, అర్ధరాత్రి బరాత్... అన్నిటినీ తట్టుకోవాలి. నాలుగైదేళ్లు ఇలా పనిచేసిన కెమెరాను చూస్తే జాలేస్తుంది. అక్షరాలు చెరిగిపోయి, రబ్బరు లేచిపోయి, మూలల్లో రంగు రాలి ఉంటుంది. మరోవైపు మన ఇళ్లల్లో బీరువాలో భద్రంగా దాచిన కెమెరా ఉంటుంది. బాబు బారసాలకో, అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కో కొన్నది. చూడటానికి కొత్త పెళ్లికూతురిలా మెరిసిపోతూ ఉంటుంది.

ఈ రెండింటిలో ఏది ఆరోగ్యంగా ఉందంటారు? చాలాసార్లు మొదటిదే! నమ్మబుద్ధి కావడం లేదా? అయితే డిజిటల్ కెమెరాకు వయసు ఎలా మీద పడుతుందో కాస్త తెలుసుకుందాం.

ఎన్నిసార్లు రెప్ప వేసింది?

కెమెరాలో నిజంగా అరిగే భాగం షట్టర్. అది కంటిరెప్ప లాంటిది. బటన్ నొక్కగానే తెరుచుకుని, కావలసినంత వెలుతురును లోపలికి పంపి మూసుకుంటుంది. సెకనులో ఎనిమిది వేలో వంతు కాలంలోనే ఆ పని చేసే కెమెరాలూ ఉన్నాయి. ఇంత వేగంగా కదిలే సన్నని రేకులకు అరుగుదల తప్పదు కదా! అందుకే తయారీదారులు ఫలానా మోడల్ షట్టర్‌ను ఇన్నిసార్లు పరీక్షించామని చెబుతారు. నికాన్ డి3500కు లక్ష, డి750కీ, కెనాన్ 5డి మార్క్ 4కూ లక్షన్నర, నికాన్ డి850కి రెండు లక్షలు, వార్తా ఫోటోగ్రాఫర్లు ఎక్కువగా వాడిన నికాన్ డి5కు నాలుగు లక్షలు.

ఒక పెళ్లిలో రెండు రోజులకు మూడు వేల ఫోటోలు తీశారనుకోండి. యాభై పెళ్లిళ్లకు లక్షన్నర అయిపోతుంది. గిరాకీ బాగా ఉంటే రెండేళ్ల పని అది. అదే ఇంట్లో పండక్కీ, పుట్టినరోజుకూ ఏడాదికి వెయ్యి ఫోటోలు తీసేవారికి లక్ష దాటాలంటే వందేళ్లు కావాలి! అంటే ఇంటి కెమెరా షట్టర్ అరిగిపోయి మూలపడటం దాదాపు జరగని పని.

ఇంకో మాట. లక్షన్నర దాటగానే కెమెరా ఠక్కున ఆగిపోదు. అది ఒక అంచనా మాత్రమే. కొన్ని అంతకు రెట్టింపు పనిచేస్తాయి, కొన్ని ముందే మొరాయిస్తాయి. విడిభాగం దొరికితే షట్టర్‌ను మార్పించుకోవచ్చు. రుబ్బీ రుబ్బీ నునుపెక్కిన రోలుకు మళ్లీ గాట్లు కొట్టించుకున్నట్టే! కాకపోతే పాత మోడళ్లకు కొన్నేళ్ల తర్వాత కంపెనీలు విడిభాగాలు ఇవ్వడం మానేస్తాయి. ఆ సంగతి ముందే కనుక్కోవాలి.

పైపై మరకలకు భయమెందుకు?

రంగు రాలడం, అంకెలు చెరగడం, మూలలు మెరుగెక్కడం... ఇవన్నీ చేతి వాడకం గుర్తులే. అమ్మ చేతిలో ఏళ్ల తరబడి తిరిగిన అట్లకాడ పిడి నునుపెక్కినట్టన్న మాట. ఫోటోకు దీనివల్ల వచ్చే నష్టం ఏమీ లేదు. చేతిపట్టు దగ్గర రబ్బరు చెమటకూ, నూనెకూ, ఎండకూ సాగి లేచిపోతుంది. కొత్త రబ్బరు అతికించుకుంటే సరి. కొన్ని పాత మోడళ్లలో మెత్తటి పూత కరిగి చేతికి జిగటగా అంటుకుంటుంది. చిరాకే తప్ప ప్రమాదం లేదు.

మరి దేనికి భయపడాలి? కంటికి కనబడని వాటికి.

మొదటిది దుమ్ము. లెన్సు మార్చినప్పుడల్లా లోపలి సెన్సర్ మీద నలుసులు పడతాయి. జూమ్ లెన్సు ముందుకూ వెనక్కూ జరిగినప్పుడు గాలితోపాటు దుమ్మునూ లోపలికి లాగుతుంది. ఫోటోలో ఆకాశం మీద ఎప్పుడూ ఒకే చోట నల్లచుక్క కనిపిస్తోందంటే అదే కారణం. ఎపర్చర్‌ను ఎఫ్16కు పెట్టి తెల్లగోడను ఫోటో తీసి చూడండి, చుక్కలన్నీ బయటపడతాయి. ఉఫ్‌మని నోటితో ఊదేరు సుమా! తుంపరలు పడి మరక మిగులుతుంది. రబ్బరు బల్బుతో గాలి కొట్టాలి. పోకపోతే తెలిసినవారి చేత శుభ్రం చేయించాలి. ఇక లెన్సును చీరకొంగుతోనో, చున్నీతోనో తుడిచే అలవాటు మనలో చాలామందికి ఉంది. బట్టలోని ఇసుకరేణువులే గాజు పూతను గీరేస్తాయి. ముందు గాలితో దుమ్ము పోగొట్టి, ఆ తర్వాతే లెన్సు గుడ్డతో తుడవాలి.

రెండోది లేజర్ దీపాలు. సంగీత్‌లలో డీజే వాళ్లు ఆకుపచ్చ, ఎర్రని గీతలు తిప్పుతుంటారు చూశారా? ఆ కిరణం సూటిగా లెన్సులో పడితే క్షణంలో సెన్సర్ మీద శాశ్వతంగా మచ్చ పడవచ్చు. ఇది వయసుతో వచ్చే జబ్బు కాదు, దెబ్బ. నిన్ననే కొన్న కెమెరాకైనా తగలొచ్చు. లేజర్ తిరుగుతున్నప్పుడు లెన్సును పక్కకు తిప్పేయడమే మేలు.

రాత్రి ఫోటోల్లో అక్కడక్కడా ఎర్రగానో, తెల్లగానో మెరిసే చుక్కలు కనిపిస్తే అది మాత్రం వయసే. సెన్సర్‌లోని కోట్ల చుక్కల్లో కొన్ని ఏళ్లు గడిచే కొద్దీ చెడిపోతాయి. కొన్ని కెమెరాల్లో మెనూలోంచే సరిచేసుకోవచ్చు, మరికొన్నింటిని సర్వీసు సెంటర్‌కు ఇవ్వాలి.

బీరువాలో బూజు

ఇప్పుడు మన మెరిసే కెమెరా దగ్గరకొద్దాం. వానాకాలంలో ముసురు పట్టి నాలుగు రోజులు ఎండ పొడ లేకపోతే పచ్చళ్లకు బూజు వస్తుందని మనకు తెలుసు. లెన్సుకూ అంతే. చీకటి, తడిగాలి, కదలిక లేకపోవడం... బూజుకు ఇంతకన్నా ఏం కావాలి? గాజు మీది వేలిముద్రల జిడ్డూ, దుమ్మే దానికి ఆహారం. మొదట సాలెగూడు పోగుల్లా కనిపిస్తుంది. వదిలేస్తే అది వదిలే ఆమ్లం గాజు పూతను తినేస్తుంది. అప్పుడు శుభ్రం చేయించినా మచ్చ పోదు. రోజూ ఎండలోకి, గాలిలోకి వెళ్లే కెమెరాకు ఈ బెడద తక్కువ. అందుకే పెళ్లిళ్లలో నలిగిన లెన్సు నిర్మలంగా ఉంటే, బీరువాలో దాచిన లెన్సు మసకబారుతుంది.

పైగా బీరువాలో మనం చీరల మధ్య కలరా ఉండలు వేస్తాం, కర్పూరం పెడతాం. కెమెరాను వాటి పక్కన ఉంచొద్దని నికాన్ కంపెనీ తన పుస్తకాల్లోనే హెచ్చరించింది. ఎప్పుడైనా చదివారా? తోలు సంచిలోనూ ఎక్కువ రోజులు ఉంచకూడదు, అది తేమను పట్టి ఉంచుతుంది.

మరి ఎక్కడ పెట్టాలి? వంటింట్లో వాడే గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా చాలు. అందులో సిలికా జెల్ సంచులు వేయండి. నీలం గింజలు గులాబీ రంగుకు, నారింజ గింజలు ఆకుపచ్చకు తిరిగాయంటే తేమ నిండినట్టు. మార్చేయండి. ఆ గింజలు పిల్లల చేతికి అందకుండా జాగ్రత్తపడండి. బియ్యంలో పెట్టే చిట్కా మాత్రం వద్దు, తవుడు పొడి సందుల్లోకి చేరుతుంది. ఏసీ హాల్లోంచి ఒక్కసారిగా బయటి ఉక్కలోకి తీసుకొస్తే లెన్సుకు చెమట పడుతుంది. సంచిలోనే అరగంట ఉంచి తీయండి. అన్నిటికన్నా మంచి మందు ఏమిటంటే... నెలకోసారైనా బయటకు తీసి వాడటం. బతుకమ్మ పేర్చినప్పుడు తీయండి, పెరట్లో చామంతి పూసినప్పుడు తీయండి. ఫోటోకు ఫోటో, కెమెరాకు వ్యాయామం!

బ్యాటరీ వాడకపోయినా ముసలిదవుతుంది

లిథియం బ్యాటరీ వాడినా, వాడకపోయినా వయసు పైబడుతుంది. ఒకప్పుడు వెయ్యి ఫోటోలకు సరిపోయినది నాలుగు వందలకే చేతులెత్తేస్తుంది. పూర్తిగా నింపిగానీ, పూర్తిగా ఖాళీ చేసిగానీ నెలల తరబడి ఉంచొద్దు. సగం చార్జితో చల్లని చోట ఉంచండి. నికాన్, కెనాన్‌ల చాలా మోడళ్లలో బ్యాటరీ ఆరోగ్యాన్ని మెనూలోనే చూసుకోవచ్చు. ఉబ్బిన బ్యాటరీని మాత్రం ఒక్క క్షణం కూడా వాడకండి.

లోపల గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ ఇంకొకటి ఉంటుంది. ఎక్కువ రోజులు మూలన పడేస్తే అది ఖాళీ అయి తేదీ పోతుంది. ఆ తర్వాత తీసిన ఫోటోలన్నిటికీ తప్పు తేదీలే. పాప తొలి అడుగు ఏ రోజు వేసిందో ఫోటో చెప్పలేకపోతే బాధే కదా!

సెకండ్ హ్యాండ్ కొంటున్నారా?

ఈ సంగతులన్నీ ఎందుకంటే, కెమెరాతో నాలుగు డబ్బులు సంపాదించుకోవాలనుకునే అమ్మాయిలు ఇప్పుడు చాలామంది ఉన్నారు. ఒడిబియ్యం, సీమంతం లాంటి ఆడవాళ్ల వేడుకలకు ఆడవాళ్లే ఫోటోలు తీస్తే బాగుంటుందని కోరుకునే ఇళ్లూ ఉన్నాయి. కెమెరా పట్టడం మన ప్రాంతపు ఆడవాళ్లకు కొత్త కాదు. చేవెళ్లకు వాయవ్యాన, జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళా రైతులు 1990లలోనే వీడియో కెమెరా నేర్చుకున్నారు. చదువు రాని దళిత మహిళలు వాళ్లలో ఎందరో! ఎదుటి మనిషి కళ్లకు సమానమైన ఎత్తులో కెమెరా పట్టి తీస్తే దానికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘సంఘం షాట్’. ఎంత చక్కని పేరు!

కొత్త కెమెరా ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. కాబట్టి సెకండ్ హ్యాండే దిక్కు. స్కూటీ కొనేటప్పుడు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూస్తాం కదా, ఇక్కడా అంతే.

- షట్టర్ ఎన్నిసార్లు పడిందో అడగండి. చాలా మోడళ్లలో ఫోటో ఫైల్‌ను బట్టి కంప్యూటర్‌లో తెలుస్తుంది.
- లెన్సులోంచి టార్చి వెలుతురు పంపి చూడండి. సాలెగూడు పోగులు కనిపిస్తే వద్దనేయండి.
- తెల్లగోడ ఫోటో ఒకటి, లెన్సు మూత పెట్టి ఒకటి తీసి, పెద్దవి చేసి చూడండి. నల్లచుక్కలు దుమ్ము, మెరిసే చుక్కలు సెన్సర్ వయసు.
- కార్డు తలుపు, చార్జింగ్ రంధ్రం, ఫ్లాష్ బిగించే చోటు వదులయ్యాయేమో కదిపి చూడండి.
- స్క్రూల తలలు గీరుకుపోయి ఉంటే ఎవరో విప్పి బిగించారన్న మాట. ఎందుకో అడగండి.
- పైన గీతలుంటే సంతోషించండి. బేరమాడటానికి పనికొస్తాయి!

ఫోటోలు కెమెరా కన్నా ముందు పోకూడదు

డిజిటల్ కెమెరా వయసేమీ పెద్దది కాదు. కొడాక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ అనే ఇంజనీరు 1975లో మొదటిది తయారుచేశారు. అది సుమారు మూడున్నర కిలోల బరువుండేది. ఒక్క ఫోటోను క్యాసెట్ టేపు మీద నమోదు చేయడానికి 23 సెకన్లు పట్టేది! 2010లో జపాన్ కెమెరా కంపెనీల సంఘం లెక్కల ప్రకారం ఒక్క ఏడాదిలోనే 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు మార్కెట్లోకి వెళ్లాయి. సెల్‌ఫోన్ల ధాటికి 2023 నాటికి అది 80 లక్షల లోపుకు పడిపోయింది. ఆ కోట్ల కెమెరాల్లో ఎన్నో ఇప్పుడు బీరువాల్లోనే ఉన్నాయి, వాటి కార్డుల్లో మన జ్ఞాపకాలతో సహా.

అసలు ప్రమాదం అదే. మెమరీ కార్డు కూడా శాశ్వతం కాదు. రాయగా రాయగా అరుగుతుంది, ఏళ్ల తరబడి కదపకుండా ఉంచితే అందులోని సమాచారం చెరిగిపోవచ్చు. కెమెరా పోతే ఇంకొకటి కొనుక్కుంటాం. అమ్మమ్మ నవ్వు పోతే ఎక్కడ కొంటాం? పెళ్లిళ్లకు పనిచేసేవారు రెండు కార్డులు పట్టే కెమెరా ఎంచుకుని, రెండింటిలోనూ ఒకేసారి నమోదయ్యేలా పెట్టుకోవాలి. ఇంటివాళ్లు కనీసం రెండు చోట్ల కాపీ పెట్టుకోవాలి. ముఖ్యమైన ఓ యాభైని కాగితం మీద వేయించి ఆల్బమ్‌లో పెట్టుకోవాలి.

కాబట్టి ఈ ఆదివారం ఓ పని చేయండి. బీరువాలోని కెమెరాను బయటకు తీయండి. బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి, లెన్సును వెలుతురుకు పట్టి చూడండి, కార్డులోని ఫోటోలు కాపీ చేయండి. అన్నీ బాగుంటే ఇంట్లో అందరినీ పిలిచి ఓ ఫోటో తీయండి. ఎప్పుడూ మీరే తీస్తుంటారు కదా, ఈసారి కెమెరాను అమ్మాయి చేతికిచ్చి మీరూ ఫోటోలో నిలబడండి. అరిగితే అరగనివ్వండి... అది పుట్టిందే అందుకు!