గడియారాలకు గడియారం



2016 డిసెంబరు 31 రాత్రి మా సంఘంలో వాచ్‌నైట్ ఆరాధన. మందిరపు గోడ గడియారంలో పన్నెండయింది. సంఘపెద్ద ఒకాయన గంట తాడు పట్టుకున్నారు. "అయ్యగారూ, ఇంకా నాలుగు నిమిషాలుంది" అంటూ ఒక యౌవనస్థుడు సెల్‌ఫోను చూపించాడు. "ఇన్నేళ్ల గడియారం అబద్ధమాడుతుందా?" అని పెద్దాయన కోపపడ్డారు. సెల్‌ఫోను మాటే నిజమైంది. మరి సెల్‌ఫోనుకు టైము చెప్పేదెవరు? వెదుక్కుంటూ పోతే చివరకు పరమాణు గడియారం దగ్గర తేలతాము.

ఏ గడియారమైనా ఒక ఊపును లెక్కపెట్టేదే. పాత గోడ గడియారంలో లోలకం ఊగుతుంది. చేతి గడియారంలో క్వార్ట్‌జ్ రాయి సెకనుకు 32,768 సార్లు అదురుతుంది. కాని ఎండకు లోలకం సాగుతుంది, వేడికి రాయి కూడా కొంచెం మారుతుంది. పోనీ భూమినే నమ్ముదామంటే అదీ ఎప్పుడూ ఒకే వేగంతో తిరగదు.

మన తబలా వాయించే సోదరుడు సుత్తితో తట్టి తట్టి తబలాను హార్మోనియం శ్రుతికి కలుపుతాడు గదా! ఇక్కడ హార్మోనియం సీసియం పరమాణువు. దానిమీదికి మైక్రోవేవ్ తరంగాలు పంపుతారు. శ్రుతి సరిగ్గా కలిస్తేనే పరమాణువులు ఒక స్థితి నుండి మరొక స్థితికి మారతాయి. ఎక్కువ పరమాణువులు మారేవరకు తరంగాన్ని సవరించి, అప్పుడు 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 ఊపులు లెక్కపెడితే ఒక సెకను. ఇంగ్లండులో 1955లో ఎసెన్, ప్యారీ అనే ఇద్దరు ఇటువంటి గడియారాన్ని నడిపించారు. 1967 నుండి లోకమంతటికీ సెకను అంటే ఇదే. మేలైన సీసియం గడియారం 10 కోట్ల సంవత్సరాలకు ఒక్క సెకను తప్పుతుందేమో! మనుష్యుడు చేసిన రెండు లోలకాలు ఒకలాగుండవు. దేవుడు చేసిన సీసియం పరమాణువు మాత్రం ఢిల్లీలోనైనా లండనులోనైనా ఒక్కటే. నాకైతే లెక్కకంటె ఇదే ఆశ్చర్యం.

మన దేశపు టైముకు ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశం కాకినాడ దగ్గరగానే పోతుంది. రాజమండ్రిలో సూర్యుడు నడినెత్తికి రావడం దానికంటె సుమారు మూడు నిమిషాలు ఆలస్యం. అయినా ఆ టైమును కాపాడేది సూర్యుడు కాదు, ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో ఉన్న పరమాణు గడియారాలు.

ఇంత సూక్ష్మం మనకెందుకంటారా? వేటకు వెళ్లే మరబోటులో జీపీఎస్ ఉంటే, అది దారి చూపేది ఉపగ్రహాలలోని పరమాణు గడియారాలను బట్టే. సెకనులో పది లక్షలవ వంతు తప్పితే దూరం 300 మీటర్లు తప్పుతుంది. 2013లో శ్రీహరికోట నుండి పంపిన మన ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఎ ఉపగ్రహంలో, విదేశాల నుండి తెప్పించిన మూడు రుబీడియం గడియారాలూ చెడిపోయాయి. ఉపగ్రహం ఆకాశంలోనే ఉంది, దారి చెప్పే పనికి మాత్రం పనికిరాలేదు. 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01లో మనవాళ్లు స్వయంగా తయారుచేసిన గడియారం ఉంది.

ఇంకొక సంగతి. మేము వాచ్‌నైట్ ముగించుకొని ఇళ్లకు చేరిన ఆ తెల్లవారుజామున, 2017 జనవరి 1న, సరిగ్గా 5:30కి ముందు ప్రపంచమంతా ఒక సెకను అదనంగా కలిపింది. భూమి తిరుగుడు వెనుకబడినందుకు ఆ సర్దుబాటు. పెద్దాయనకు చెబితే నవ్వారు. గోడ గడియారాన్ని మాత్రం ఇప్పటికీ నాలుగు నిమిషాలు ముందే ఉంచుతున్నారు, ఆరాధనకు ఆలస్యంగా వచ్చేవారి కోసమట!